బంగారు కోడలికి వచ్చిన ఉత్తరాలు

"ఇంట్లో కూర్చుంటే జీతం లేదు, అక్కడ కూర్చుంటే జీతమట! భలే ఉద్యోగమోయ్ నీది," అని ఆమె భర్త నలుగురిలో ఉన్నప్పుడల్లా అనేవాడు. నలుగురూ నవ్వేవాళ్ళు. వాళ్ళతోపాటు ఆమె కూడా నవ్వేది. తొమ్మిదేళ్ళుగా అదే మాట, అదే నవ్వు. ఆ గురువారం పొద్దున కూడా, ఊడిపోయిన అతని చొక్కా గుండీ ఆమె కుడుతూంటే, పక్కనే బనీనుతో నిలబడి, "తొందరగా కానీ. నీ ఉత్తరాలైతే ఎంతసేపైనా ఎదురుచూస్తాయి, నా బస్సు చూడదు," అన్నాడు. ఆమె దారం పంటితో తెంపి చొక్కా అందించింది. దేవుడి ముందు కూర్చునే పది నిమిషాలూ ఆ గుండీ కిందే పోయాయి. 'స్వామీ, ఇవాళ్టికి ఆ గుండీ నీకే కుట్టాననుకో' అని మనసులోనే దండం పెట్టుకుని, పొయ్యి ఆర్పి, అత్తగారి మాత్రలు నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి బయటపడింది. రోజు మొత్తంలో తాను కూర్చునేది ఎప్పుడో ఆమెకే తెలియదు. కానీ ఆ ఇంట్లో ఆమె చేసేదాన్ని కూర్చోవడమనే అంటారు.

ఆమె పనిచేసేది బోర్డు ఆటలు తయారుచేసి అమ్మే ఒక చిన్న కంపెనీలో. కింది అంతస్తులో అట్టలు, కాయలు, పాచికలు, జిగురు వాసన. పై అంతస్తులో నాలుగు బల్లలు. ప్రతి ఆట డబ్బాలోనూ ఒక అభిప్రాయ కార్డు ఉంటుంది. కొన్నవాళ్ళు దానిమీద నాలుగు ముక్కలు రాసి పోస్టులో వేస్తే చాలు, స్టాంపు కూడా అక్కర్లేదు. వచ్చిన ప్రతి కార్డుకూ జవాబు వెళ్ళాలని కంపెనీ నియమం. ఆ జవాబులే ఆమె పని. పాచిక పోయిందని రాస్తే పాచిక, ఎర్ర కాయను కుక్క మింగేసిందని రాస్తే ఎర్ర కాయ కవర్లో పెట్టి పంపేది. పోయినదేదో చెబితే నోరుమూసుకోమనకుండా దాన్ని పంపించే చోటు లోకంలో ఒకటుందని, అందులో తన చెయ్యి ఉందని ఆమెకు లోలోపల తృప్తి. ఆ తృప్తి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే దానిమీద కూడా ఒక హాస్యం పుడుతుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం హాస్యమంతా ఆమెదే. డబ్బాలు కట్టే ఆడవాళ్ళు ఆమెను వదినా అంటారు. "వదినా, ఇవాళ మీ ఇంట్లో ఏం జరిగింది?" అంటూ చుట్టూ చేరేవాళ్ళు. ఒకే కూరలో భర్త ఉప్పెక్కువైందన్నాడనీ, అత్తగారు ఉప్పు చాల్లేదందనీ, తాను మాత్రం ఇద్దరికీ "అవునండీ" అన్నాననీ చెప్పేది. నేల తుడిచాక అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మూలలు వెతికి, "మీ పుట్టింట్లో మూలలుండవా అమ్మాయ్? గుండ్రటి ఇల్లా మీది?" అన్న సంగతి చెప్పేది. ఒకసారి జ్వరం నూట మూడుంటే, అత్తగారు నుదుటిమీద చెయ్యి వేసి చూసి, "పొయ్యి దగ్గరికి వెళ్ళు, దాని వేడి ముందు నీ వేడి ఎంత, తెలీదులే," అన్నదని చెప్పినప్పుడైతే ఒకావిడకు నవ్వు ఆపుకోలేక పొలమారింది. ఇంకో బల్ల దగ్గర యజమాని బావమరిది కూర్చునేవాడు. కంపెనీ ఆటలన్నీ కల్పించేది ఆయనే. ఎప్పుడూ గుప్పిట్లో రెండు పాచికలు గిలకొడుతూ ఉంటాడని అందరూ ఆయన్ని పాచికలాయన అంటారు. "ఆగండాగండి, ఆ వేడి మాట ఇంకోసారి చెప్పండి," అంటూ కళ్ళు తుడుచుకుని చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. ఒక మగమనిషి తన మాట రాసుకోవడం ఆమె చూడటం అదే మొదటిసారి.

ఆరు నెలలకు ఆ చిన్న పుస్తకం 'బంగారు కోడలు' అనే ఆటగా బయటికొచ్చింది. ఆడే ప్రతివాళ్ళకూ ఒక కోడలి కాయ. పాచిక వేసుకుంటూ, కార్డు తీసుకుంటూ, వందో గడికి ముందు ఎవరు చేరితే వాళ్ళు గెలిచినట్టు. వందో గడి పేరు 'మంచి పేరు'. కార్డులు నలభై ఎనిమిది. 'కూరలో ఉప్పెక్కువైంది: రెండు గడులు వెనక్కి.' 'పుట్టింటికి వెళ్తానంది: ఒక వంతు ఆగు.' 'ఎదురు సమాధానం చెప్పింది: మొదటి గడికి పో.' 'జ్వరం నూట మూడు, అయినా వంట చేసింది, శభాష్: మూడు గడులు ముందుకు.' ఆమె లెక్కపెట్టుకుంది, నలభై ఎనిమిదిలో పంతొమ్మిది తన ఇంటివే. దేవుడు వింటూ ఉంటాడు కాబట్టి నిజమే చెప్పుకోవాలి, మొదటి డబ్బా చేతికొచ్చిన రోజు ఆమె సంతోషించింది. తన మాటలు రంగు రంగుల అచ్చులో ఉన్నాయి. డబ్బా మీద పేరు పాచికలాయనది. తన పేరు ఉంటుందని ఆమె అనుకోనే లేదు, ఉప్పు గిన్నె మీద ఎవరి పేరు ఉంటుంది గనక?

మూడో వారం నుంచి అభిప్రాయ కార్డులు రావడం మొదలైంది. పోయిన పాచికల సంగతి ఒక్కదాంట్లోనూ లేదు.

'ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లలకి ప్రశ్నలు అడగమని నేర్పినదాన్ని. ఎదురు సమాధానం చెబితే మొదటి గడికి పంపుతారా? మీ ఇంట్లో ఆడపిల్లలున్నారా?' అని ఒక రిటైరైన టీచరమ్మ. 'నేనూ మా ఆవిడా ఆడాం. సగంలో ఆవిడ ఏమీ అనకుండా లేచి వెళ్ళి గిన్నెలు తోముకుంది. ఆట ఆపేసిందో, ఇంకా ఆడుతూనే ఉందో నాకు అర్థం కాలేదు,' అని ఒక పెద్దాయన. ఒకావిడ డబ్బానే తిప్పి పంపింది. అందులో చీటీ: 'డబ్బులు వెనక్కి ఇవ్వక్కర్లేదు. ఇలాంటిది మా ఇంట్లో ఇప్పటికే ఒకటి ఉంది.' మరొకావిడ రాసింది: 'మా అమ్మాయి పుట్టినరోజుకు కొన్నాను. దానికి పదేళ్ళు. జ్వరం కార్డు తీసి చదివి, అమ్మా, మరి నీకెన్ని గడులు వచ్చాయి అని అడిగింది. ఏం చెప్పమంటారు?'

జవాబు యజమాని ఒకసారి రాసి ఇచ్చాడు, అందరికీ అదే. 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. ఇది వినోదం కోసం మాత్రమే. ఎవరి మనసునూ నొప్పించే ఉద్దేశం లేదు.' రెండు వందల పైచిలుకు మందికి అది వెళ్ళింది. ఆ నలుగురివీ మాత్రం ఆమె కట్టలో అడుక్కి తోసేది. మర్నాడు పదేళ్ళ పిల్ల తల్లి కార్డు ఎలాగో పైకొచ్చేది.

భోజనాల దగ్గర ఆ జ్వరం కథ చెప్పినప్పుడు ఆమె సగమే చెప్పింది. పదకొండేళ్ళ కిందటి మాట. కూతురికి మూడేళ్ళు, కడుపులో నాలుగో నెల. జ్వరం రెండో రోజు. నడుము కింద ఎవరో తాడు బిగించి లాగుతున్నట్టుంది. భర్త స్నేహితులు నలుగురు భోజనానికి వస్తున్నారు. పొయ్యి దగ్గర గంటన్నర నిలబడింది, వడ్డించింది, గిన్నెలు ఎత్తింది. సాయంత్రం స్నానాలగదిలో అంతా అయిపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ "ఇంత జ్వరంలో ఎందుకు నిలబడ్డావమ్మా?" అని అడిగితే, భర్తే జవాబు చెప్పాడు: "తను ఎవరి మాటా వినదండీ, పని పిచ్చి." ఆ మాటకు కూడా అక్కడ ఒక నర్సు నవ్వింది. మిగతాది ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పగలిగినంతవరకు కథ, అక్కడినుంచి ముందుకు నోరు రాదు. ఇన్నేళ్ళుగా దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా 'నీకు తెలుసు కదా' అని దాటేసేది. ఆయన కూడా తెలుసనే అన్నాడో, లేక ఆయనకూ ఎవరైనా చెప్పాలో.

గుండీ కుట్టిన ఆ గురువారం ఆఫీసుకు వెళ్ళేసరికి మెట్ల మీద డబ్బాలు గుట్టలుగా ఉన్నాయి. టీచరమ్మ తన ఉత్తరాన్ని ఒక పత్రికకు కూడా పంపిందట, వాళ్ళు వేశారట. దుకాణాలవాళ్ళు సరుకు తిప్పి పంపుతున్నారు. యజమాని ఆమెను పిలిచి కుర్చీ చూపించాడు. తొమ్మిదేళ్ళలో ఆ కుర్చీ చూపించడం అదే మొదటిసారి. పక్కన పాచికలాయన.

"అమ్మా, ఆ ఉత్తరాలు రాసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మగాడు జవాబు చెబితే ఇంకా మండుతుంది. నువ్వు చెప్పాలి," అని ఒక టైపు చేసిన కాగితం ముందుకు తోశాడు.

'నేను ఈ కంపెనీలో పనిచేసే ఒక సాధారణ గృహిణిని. ఈ ఆటలోని కొన్ని సంగతులు నా ఇంట్లో జరిగినవే. వాటిని చెప్పుకుని నేను ఎన్నోసార్లు నవ్వుకున్నాను. మీరూ నవ్వండి.'

"ఇందులో అబద్ధం ఎక్కడుందో చెప్పు, ఇప్పుడే కొట్టేస్తాను," అన్నాడు యజమాని.

ఆమె రెండుసార్లు చదివింది. ఒక్కో వాక్యం విడిగా చూస్తే నిజమే. నాలుగూ ఒకచోట చేరాక అబద్ధమైపోయాయి. అది ఎక్కడ ఎలా జరిగిందో వేలు పెట్టి చూపించే చదువు తనకు లేదనిపించింది.

"మీరే కదండీ చెప్పింది?" అన్నాడు పాచికలాయన, గుప్పిట్లో పాచికలు గిలకొడుతూ. "ముందు నవ్వింది కూడా మీరే."

"నేనేనండీ."

"మరింకేం?"

"కొంచెం ఆలోచించుకుని చెబుతానండీ."

"ఆలోచించుకో," అన్నాడు యజమాని, మంచిగానే. "సోమవారం మిగిలిన కార్డులన్నిటికీ ఇదే వెళ్తుంది. పత్రికక్కూడా. సంతకానికి తొందరేం లేదు, నువ్వు పెట్టిన కాగితాలు బీరువాలో ఉన్నాయిగా."

ఆ కాగితాల సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆమె రోజూ ఐదు గంటల బస్సు ఎక్కాలి. తప్పితే ఇంట్లో వంట ఆలస్యం. టైపు చేసే ఆయనేమో జవాబులు అచ్చుతీసేది ఐదు దాటాకే. అందుకని ప్రతి సోమవారం వంద ఖాళీ కాగితాల అడుగున ముందే సంతకాలు చేసి పెట్టేయడం అలవాటైంది. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు, ఆమే అయ్యుంటుంది. వంటకు ఆలస్యం కాకూడదని తన పేరును ఖాళీ కాగితాల కింద వదిలేసి, తొమ్మిదేళ్ళుగా పరుగెత్తి బస్సెక్కుతోంది. ఆమె ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఒప్పుకున్నట్టే.

కూతురు అడిగిందని ఆ సాయంత్రం ఆమె ఒక డబ్బా ఇంటికి తెచ్చింది. భోజనాలయ్యాక తండ్రీ కూతుళ్ళు నేలమీద బోర్డు పరిచారు. అత్తగారు మంచం మీంచి చూస్తోంది. కార్డు తీసినప్పుడల్లా ఆయన పగలబడి నవ్వాడు. "ఉప్పెక్కువైంది, రెండు వెనక్కి! బాగా పెట్టాడమ్మా. ఎవడో గానీ పెళ్ళైనవాడే!" అన్నాడు. పద్నాలుగేళ్ళ కూతురు కార్డు తిప్పి చూసి, తండ్రి మొహం చూసి, మామూలుగా అంది: "ఇది నీ మాటే కదా నాన్నా. రోజూ అంటావుగా. ఇదిగో, ఈ మూలల కార్డు నానమ్మది."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఒక్కో కార్డే తీసి చూశాడు. ఇన్నాళ్ళుగా అన్న మాటల్ని తానే మొదటిసారి వింటున్నవాడిలా ఉన్నాడు. ఆమెకు ఒక్క క్షణం ఆశ పుట్టింది.

"మా అమ్మని బజార్లో పెట్టి అమ్ముతున్నావా?" అన్నాడు.

"నేను అమ్మలేదండీ."

"నువ్వు చెప్పకపోతే వాడికెలా తెలుస్తుంది? ఎంతమంది ఉన్నారక్కడ? ఇంటి గుట్టు ఇలాగేనా చెప్పుకునేది? రేపు మా ఆఫీసులో ఎవడన్నా ఇది కొన్నాడనుకో, నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఆమె యజమాని ఇచ్చిన కాగితం చూపించింది. ఎందుకు చూపించిందో ఆమెకే తెలియదు. బహుశా, వద్దు, సంతకం పెట్టకు అని ఒక్కరైనా అంటారని కాబోలు. ఆయన అన్నాడు కూడా. "ఇలాంటిదానికి సంతకం పెడితే కాళ్ళు విరగ్గొడతాను," అని కూతురి నోటుపుస్తకంలోంచి ఒక పేజీ చింపి తానే రాశాడు. 'ఇవన్నీ కల్పితాలు. మా ఇంట్లో ఇలాంటివి ఏనాడూ జరగలేదు. నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటారు.' "ఇది ఇవ్వు వాళ్ళకి. వేస్తే ఇది వెయ్యమను."

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఆమె వంటింట్లో కూర్చుంది. ఒకాయన, జరిగింది నిజమే గానీ నొప్పి లేదు అనమంటున్నాడు. ఇంకొకాయన, నొప్పి సంగతి తర్వాత, అసలు జరగనే లేదు అనమంటున్నాడు. ఇద్దరికీ కావలసింది ఆమె సంతకమే. ఇన్నేళ్ళలో ఆమె పేరుకు ఇంత గిరాకీ ఎప్పుడూ లేదు.

మర్నాడు తెల్లవారగానే దేవుడి ముందు కూర్చుంది గానీ మనసు నిలవలేదు. వెనక కర్ర చప్పుడైంది. అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడింది. చేతిలో జ్వరం కార్డు.

"అమ్మాయ్. ఇందులో మిగతాది లేదేం?"

"ఏది అత్తయ్యా?"

"నా దగ్గర దాస్తావేంటే. ఆ రోజు పొద్దున్నే చూశాను. కడుపు పట్టుకుని వంగి నడుస్తున్నావు. పడుకో అనే మాట నోటిదాకా వచ్చింది." ఆవిడ మెల్లిగా కుర్చీలోకి దిగింది. "నువ్వు పడుకుంటే ఆ నలుగురికీ నేను వండాలి. అప్పటికి నలభై ఏళ్ళు వండాను. మళ్ళీ నాకే చుట్టుకుంటుందేమోనని ఆ మాట మింగేశాను. ఆ వేడి మాట కూడా నాది కాదులే. మా అత్త నన్నన్న మాట. చేతికందింది, అనేశాను."

బయట ఎవరో బకెట్లు కడుగుతున్నారు.

"ఇంట్లో వాడున్నాడు, మీ మామగారు ఉన్నారు అప్పటికి. ఇద్దరు మగాళ్ళు పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. వాళ్ళలో ఎవరన్నా వండొచ్చన్న ఆలోచన నాకూ రాలేదు, నీకూ రాలేదు చూడు," అంది అత్తగారు. "ఆ సంగతి ఎందుకు చెప్పలేదు వాళ్ళకి?"

"చెబితే ఎవరూ నవ్వరత్తయ్యా."

"నవ్వకపోతే ఏమవుద్దే?"

క్షమించానని ఆమె అనలేదు. ఆవిడ అడగనూ లేదు. కార్డు బల్ల మీద పెట్టి, కర్ర ఊతంతో ఎలా వచ్చిందో అలాగే వెళ్ళిపోయింది. ఆమె దేవుడి వైపు తిరిగి, పదకొండేళ్ళలో మొదటిసారి 'నీకు తెలుసు కదా' అని దాటేయకుండా, జరిగింది జరిగినట్టు మొదటినుంచి చెప్పింది. కూరతో సహా. చెప్పడానికి పది నిమిషాలు చాల్లేదు. భర్త రెండుసార్లు పిలిచాడు. పలకలేదు.

శనివారం ఆఫీసు ఒంటిగంట దాకానే. అందరూ వెళ్ళాక ఆమె బీరువా తాళం తీసింది. జవాబు రాయాల్సిన కార్డులు ఎనభై ఏడు. సంతకం చేసిన కాగితాలు ఎనభై ఎనిమిది. 'స్వామీ, కాగితం వాళ్ళది, కింద పేరు నాది. ఇది దొంగతనమైతే ఎవరి సొమ్ము ఎవరు దొంగిలిస్తున్నట్టో నువ్వే తేల్చు' అనుకుని కలం తీసింది. టైపు చేయడం ఆమెకు రాదు. ఒక్కొక్కటే చేత్తో రాసింది. మొదటి పదింటికి అక్షరాలు వంకరపోయాయి. ఇరవైకి అక్షరం కుదురుకుంది. మూడున్నరకు భర్త ఫోను.

"ఎక్కడున్నావు? కూర ఎక్కడ పెట్టావు?"

"గిన్నెలో."

"ఏ గిన్నె?"

"మూతలు తీసి చూడండి," అని పెట్టేసింది. రాస్తూనే ఉంది.

టీచరమ్మకు, గిన్నెలు తోముకున్నావిడ భర్తకు, డబ్బా తిప్పి పంపినావిడకు, అందరికీ అదే జవాబు. పదేళ్ళ పిల్ల తల్లికి మాత్రం కింద ఒక ముక్క కలిపింది: 'నాకైతే ఒక్క గడి కూడా రాలేదని మీ అమ్మాయికి చెప్పండి. జ్వరంలో నిలబడవద్దని చెప్పండి.' చీకటి పడకముందే ఎనభై ఏడు కవర్లూ సంచిలో వేసుకుని వెళ్ళి, వీధి మలుపులో ఉన్న పోస్టు డబ్బాలో గుప్పెడు గుప్పెడుగా జారవిడిచింది. డబ్బా నోరు చిన్నది. చాలాసేపు పట్టింది.

సోమవారం యజమాని బీరువా తీయించాడు.

"సంతకాల కాగితాలేవమ్మా?"

"అయిపోయాయండీ."

"అయిపోవడమేమిటి? ఎనభై పైన ఉండాలే! ఏం చేశావు?"

"జవాబులు రాశానండీ. వచ్చిన ప్రతి కార్డుకీ జవాబు వెళ్ళాలి కదా."

పాచికలాయన గుప్పిట్లో చప్పుడు ఆగింది. ఆమె సంచిలోంచి మిగిలిన ఒక్క కాగితం తీసి బల్లమీద పెట్టింది. దాని పక్కన బీరువా తాళంచెవి పెట్టింది. సాయంత్రం ఇంట్లో ఏమవుతుందో, రేపు పొద్దున ఎక్కడికి వెళ్తుందో, కూతురి ఫీజుకు ఏం చేస్తుందో ఆమెకు తెలియదు. యజమాని కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

'మీ కార్డు చేరింది. ఈ ఆటలో పంతొమ్మిది కార్డులు నా ఇంటివి. నవ్వుతూ చెబితేనే విన్నారు కాబట్టి నవ్వుతూ చెప్పాను. జ్వరం కార్డులో ఒక మాట తగ్గింది. ఆ పొద్దున నా కడుపులో నాలుగు నెలల బిడ్డ ఉంది, సాయంత్రానికి లేదు. ఇది వినోదమో కాదో మీకు చెప్పేంత చదువు నాకు లేదు. మిమ్మల్ని నవ్వమని అడగను. కోపం తగ్గించుకోమని కూడా అడగను. మీకు ఇవాళ వచ్చిన కోపం, పదకొండేళ్ళ కిందట నాకు రావలసింది.'